ముదిమియు రాచపుండును: వెంగల్ పరిసరములనుండి ఒక చారిత్రక పరిశీలన

క్యాన్సరు అను మాట మన పల్లెలలో వాడుకకు వచ్చి ఎంతో కాలము కాలేదు. కాని ఆ వ్యాధి అంతకు చాల ముందే ఇచ్చట నుండెననుటకు మన భాషయే సాక్షి. తెలుగున రాచపుండు అను పదము కలదు; పుట్టకురుపు అను పదమును కలదు. పొరుగువారగు తమిళులు దీనిని పుట్రునోయ్ అందురు; వారి పుట్రు మన పుట్టయే. పుట్ట నేలపై కొంత మాత్రమే కనబడును. లోపల నది ఎంత దూరము త్రవ్వుకొనిపోయినదో పైనుండి చూచువానికి తెలియదు. ఈ పేరు పెట్టినవారెవరో గాని వ్యాధి స్వభావమును చక్కగ గమనించినవారు. సుశ్రుతసంహితలో అర్బుదమను పేర చెప్పబడిన కంతుల వర్ణనయు, గ్రీకు వైద్యులు ఎండ్రకాయ మీదుగా ఈ వ్యాధికి పెట్టిన పేరును ఇట్టి గమనికనుండియే పుట్టినవి. లాటిను భాషలో ఎండ్రకాయకు గల పేరే క్యాన్సరు. మధుమేహము గలవారికి వీపున లేచు కురుపును కూడ మనవారు రాచపుండనుట కలదు గనుక పూర్వకాలపు రాచపుండ్లన్నియు క్యాన్సరులే యని తీర్పు చెప్పుట పొరపాటగును. అంతమాత్రమున పదము ఊరక పుట్టినదనియు అనరాదు.

ఐనను మన పెద్దలలో "మా కాలమున ఈ రోగము లేదు, ఎరువుల తిండి వచ్చిన తరువాత వచ్చినది" అనువారు పెక్కుమంది. ఈ మాటను తేలికగ త్రోసివేయవలసిన పనిలేదు. వారు చూచినది వారు చెప్పుచున్నారు. వారు చూడనిది ఎందువలన చూడలేదో విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. నా అభిప్రాయములో రెండు కారణములు ఈ వ్యాధిని మన కంటికి మరుగుపరచినవి. ఈ వ్యాధి వచ్చు వయస్సువరకు బ్రదికినవారు తక్కువ. అది మొదటి కారణము. బ్రదికి, వ్యాధి తగిలి, చనిపోయినవారు "వయసైపోయి పోయినారు" అను ఒక్క మాటతో లెక్కలోనికి ఎక్కిరి, అది రెండవది. మొదటి కారణము తొలగిపోయినది. రెండవది ఇంకను తొలగలేదు.

వెంగల్ నేడు తిరువళ్ళూరు జిల్లా ఊత్తుకోట తాలూకాలోని గ్రామము. దాపుననే తామరైపాక్కము, కొసస్తలై యేరు. ఈ సీమయొక్క ఎల్లలు మన కనులయెదుటనే మారినవి. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1వ తేదీ వరకు చిత్తూరు జిల్లాలో నుండి, పటాస్కర్ గారి నిర్ణయము ననుసరించి మదరాసు రాష్ట్రమునకు వచ్చినది. సత్యవేడు ప్రాంతపు గ్రామములు అటు పోయినవి. తిరువళ్ళూరు జిల్లా చెంగల్పట్టునుండి వేరుపడినది 1997లో. గీతలు మారినను ఇండ్లలోని తెలుగు మారలేదు. వీధిలో తమిళము, వంటయింట తెలుగు, రోగము వచ్చినప్పుడు తెలుగు. ఈ కడపటి మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను.

ఇట్టి పల్లెలో నూరేండ్లక్రింద ఒక ముదుసలి చనిపోయినచో ఆ మరణము వ్రాయబడు విధమెట్టిది? మదరాసు రాజధానిలో జనన మరణముల నమోదునకు 1899లో చట్టము చేయబడినది. పల్లెలలో వ్రాయువారు గ్రామోద్యోగులు. వైద్యము తెలిసినవారు కారు. ప్రభుత్వమువారి పారిశుద్ధ్య నివేదికలలో మరణకారణములకు కొన్ని గడులు మాత్రమే యుండెడివి: కలరా, మశూచి, జ్వరములు, అతిసార రక్తవిరేచనములు, ఊపిరి తిత్తుల రోగములు, గాయములు, తరువాత ప్లేగు, చివర "తక్కిన కారణములు". రాచపుండునకు గడి లేదు. కడుపులో కంతి కలిగి చిక్కిపోయిన వానికి చివరి దినములలో జ్వరము రాకమానదు గనుక జ్వరముల గడిలో పడును. ప్రేగు క్యాన్సరు రక్తవిరేచనముల గడిలో పడును. ఊపిరితిత్తుల క్యాన్సరు దగ్గుతోపాటు పోవును. ఏ గడికిని ఒదుగని ముదుసలి "తక్కిన" వారిలో కలియును. తమిళనాట గ్రామకరణముల, మునసబుల ఉద్యోగములు 1980లో రద్దయినవి; వారిని నిందించుట నా తలంపు కాదు. గడి లేనిచోట వారు మాత్రమేమి వ్రాయగలరు?

ఈ లెక్కలనే నమ్ముకొని పాశ్చాత్యులు కొందరు క్యాన్సరు నాగరికుల వ్యాధి యనియు, ఉష్ణదేశములవారికి అరుదనియు వ్రాసిరి. 1915లో అమెరికాలో ఫ్రెడరిక్ హాఫ్మన్ ప్రకటించిన పెద్ద గ్రంథము ఈ అభిప్రాయమునకు మిక్కిలి బలము చేకూర్చినది. కాని దక్షిణదేశపు ఆసుపత్రులలో కత్తిపట్టిన వైద్యులు అప్పటికే వేరు కథ చెప్పుచుండిరి. మదరాసు జనరలు ఆసుపత్రి శస్త్రవైద్యులు నిబ్లాక్ గారు 1902లో ఇండియన్ మెడికల్ గెజిట్ పత్రికలో భారతదేశమున క్యాన్సరును గూర్చి వ్యాసము వ్రాసిరి. దక్షిణ తిరువాన్కూరులోని నెయ్యూరు మిషను ఆసుపత్రినుండి బెంటాల్ అను వైద్యుడు 1908లో 1,700 రోగులను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నలులో ప్రకటించెను. నోటి క్యాన్సరు అచ్చట ఎంతగ ప్రబలియుండెనో దానివలన లోకమునకు తెలిసినది. అదే నెయ్యూరునుండి 1933లో ఆర్ అను వైద్యుడు తాంబూలము, పొగాకు నమలుటకును ఈ నోటి పుండునకును గల సంబంధమును లాన్సెట్ పత్రికలో వివరించెను. పొగాకుతో కూడిన తాంబూలము క్యాన్సరు కారకమని అంతర్జాతీయ సంస్థ 1985లో నిర్ధారించినది. పొగాకు లేకున్నను వక్క మాత్రమే చాలునని 2004లో నిర్ధారించినది. నెయ్యూరు ఆసుపత్రివారి గమనికకు లోకపు ముద్ర పడుటకు ఇన్ని దశాబ్దములు పట్టినది.

ఈ వాదమునకు తీర్పు చెప్పినవారు ఇద్దరు భారతీయులే. విశ్వనాథ్, గ్రేవాల్ అను వైద్యులు మనదేశపు వైద్యకళాశాలల ఆసుపత్రులనుండి పెక్కు సంవత్సరముల లెక్కలను, శవపరీక్షల ఫలితములను సేకరించి 1935 మొదలుకొని వరుసగ వ్యాసములు ప్రకటించిరి. నడివయస్సు దాటిన వారిలో క్యాన్సరు మనదేశమున రోగమునకును మరణమునకును ముఖ్యకారణమే యనియు, అది తక్కువగ కనబడుటకు జనుల ఆయుర్దాయము తక్కువగుటయే కారణమనియు వారు తేల్చిరి. పెద్దలు చూచినదానికిని ఉన్నదానికిని నడుమ గల వ్యత్యాసమును ఇంత సూటిగ విప్పిచెప్పిన వ్రాత నాకు వేరొకటి కనబడలేదు.

ఆయుర్దాయమను మాటను గూర్చి పిల్లలకు చెప్పినట్లు కొంచెము చెప్పవలసియున్నది. 1941 - 51 దశకమున మనదేశపు సగటు ఆయువు 32 సంవత్సరములు. అనగా అందరును 32వ ఏట చనిపోయిరని కాదు. పుట్టిన పిల్లలలో పెక్కుమంది పసితనముననే పోవుటచేత సగటు క్రిందికి జారినది. డెబ్బది ఏండ్ల తాతలు అప్పుడును కలరు. కాని ఊరికి కొందరే. 1951 నాటికి దేశమున 60 ఏండ్లు నిండినవారు నూటికి అయిదారుగురు. 2011 జనాభా లెక్కలలో తమిళనాట వారు నూటికి పదిమందికి పైబడిరి.

ఈ మార్పు క్యాన్సరు విషయమున ఎంత పెద్దదో గ్రహించుటకు ఒక లెక్క చాలును. 1954లో ఇంగ్లండులో ఆర్మిటేజ్, డాల్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ దేశపు మరణముల పట్టికలను పరిశీలించి, జీర్ణకోశము మొదలైన పెక్కు అవయవముల క్యాన్సరులలో మరణముల రేటు వయస్సుయొక్క ఆరవ ఘాతము ననుసరించి పెరుగుచున్నదని చూపిరి. ఎనిమిదవ తరగతి పిల్లవాడును దీనిని లెక్కకట్టగలడు. 35 ఏండ్లవానికంటె 70 ఏండ్లవాని వయస్సు రెండింతలు. రెండును ఆరుమారులు వేసి హెచ్చించిన 64. అపాయము రెండింతలు కాదు, అరువదినాలుగింతలు. ఒక జీవకణము చెడి క్యాన్సరగుటకు ఒకదాని వెంట నొకటి ఆరేడు మార్పులు జరుగవలెననియు, అందుకే కాలము పట్టుననియు వారు ఊహించిరి. రొమ్ము, గర్భాశయద్వారము వంటి అవయవములకు ఈ లెక్క ఇట్లే వర్తింపదు; తక్కినవానిలో నేటికిని మూలసూత్రము నిలిచియున్నది. ముప్పదవ ఏట మొదలుపెట్టిన పొగాకు తన పని ముగించుటకు అరువదవ ఏటి వరకు పట్టుట వింత కాదు.

అదే 1954వ సంవత్సరమున జూన్ 18వ తేదీని మదరాసు అడయారులో 12 మంచములతో ఒక చిన్న ఆసుపత్రి తెరువబడినది. ఈ రెండు సంఘటనములకును సంబంధము లేదు. కాని నేను వాని నొకచో తలచుకొనకుండలేను. దక్షిణదేశపు తొలి క్యాన్సరు ఆసుపత్రి యగు ఈ అడయారు క్యాన్సరు సంస్థను స్థాపించినవారు డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి గారు. ఆమె 1886లో పుదుక్కోటలో జన్మించి, 1912లో మదరాసు వైద్యకళాశాలనుండి పట్టము పొంది, 1914లో డాక్టర్ సుందరరెడ్డి గారిని వివాహమాడిరి. 1927లో మదరాసు శాసనమండలిలో ప్రవేశించి దానికి ఉపాధ్యక్షురాలైరి. దేవదాసీ పద్ధతిని తొలగించుటకు ఆమె చేసిన పోరాటము లోకవిదితము. క్యాన్సరు విషయము మాత్రము ఆమె యింటినుండి పుట్టినది. 1923లో ఆమె చెల్లెలు ప్రేగు క్యాన్సరుతో మరణించెను. మొదట దానిని రక్తవిరేచనములని తలచి వైద్యము చేసిరి. వైద్యురాలి యింటనే ఇట్లు జరిగినది. ఆ చెల్లెలు ఏ పల్లెలోనో మరణించియుండినచో ఇంతకుముందు నేను చెప్పిన గడిలోనే, రక్తవిరేచనముల గడిలోనే, ఆమె లెక్క పడియుండును.

1935లో మదరాసు వైద్యకళాశాల శతవార్షికోత్సవ సభలో ముత్తులక్ష్మి గారు క్యాన్సరు ఆసుపత్రి స్థాపింపవలెనను తన కోరికను బయటపెట్టిరి. ఆ నగరమున 1934లోనే బర్నార్డు రేడియాలజీ సంస్థ తెరువబడియుండెను గాని, క్యాన్సరు రోగికి ప్రత్యేకస్థలము లేకుండెను. 1949లో భారత మహిళాసంఘము పక్షమున నిధి సేకరణ ప్రారంభమైనది. ప్రభుత్వపు సహాయము కోరినప్పుడు అధికారములో నున్న ఒకరు, క్యాన్సరు వచ్చినవారు చనిపోవుదురే గదా, వారికి ఆసుపత్రి ఎందులకని అడిగిరట. ఈ సంగతిని డాక్టర్ శాంత గారు పెక్కు సందర్భములలో చెప్పియున్నారు. 1952 అక్టోబరులో జవహర్‌లాల్ నెహ్రూ గారు శంకుస్థాపన చేసిరి. ఆసుపత్రి తెరచునాటికి ముత్తులక్ష్మి గారికి 67 ఏండ్లు. ముసలితనమున ఇంకేమి చేయగలమని కూర్చుండు వయస్సది. ఆమె కుమారుడు డాక్టర్ కృష్ణమూర్తి గారు, 1955లో వచ్చి చేరిన డాక్టర్ శాంత గారు ఆసుపత్రికి తొలి ఆధారములు. 1957లో కెనడా దేశమునుండి కోబాల్ట్-60 యంత్రము వచ్చినది. లోపలి కంతులకు బయటినుండి కిరణచికిత్స చేయుటకు అది గొప్ప సాధనము. ముత్తులక్ష్మి గారు 1968లోను, శాంత గారు తమ జీవితమంతయు ఆ ఆవరణములోనే గడపి 2021 జనవరిలోను పరమపదించిరి.

అడయారు ఆసుపత్రి లేని దినములలో ఒక వృద్ధుని రాచపుండును తెలుగు పాఠకులు దగ్గరనుండి చూచిరి. తిరువణ్ణామలలో శ్రీ రమణమహర్షికి 1949 ప్రారంభమున ఎడమమోచేతి దగ్గర చిన్న కంతి లేచినది. దానిని కోసి తీసిరి, మరల లేచినది. మదరాసునుండి శస్త్రవైద్యులు వచ్చిరి, రేడియము ప్రయోగించిరి. ఆ సంవత్సరము ముగియులోపల నాలుగు శస్త్రచికిత్సలు జరిగినవి. 1950 ఏప్రిల్ 14న, 70వ ఏట, మహర్షి సిద్ధిపొందిరి. అది సార్కోమా అను జాతి కంతి. సూరి నాగమ్మ గారు ఆశ్రమమునుండి తెలుగున వ్రాసిన లేఖలు ఆ కాలపు ఆశ్రమ జీవితమునకు ప్రత్యక్ష ప్రమాణములు. భక్తిభావము సంగతి అటుండనిండు. చరిత్రకారునికి ఇందు ముఖ్యమైనది వేరు. ఆ 70 ఏండ్ల వృద్ధుని విషయమున ఎవరును "వయసైనది గదా" అని ఊరకుండలేదు. పేరుగలవానికి దొరకిన ఆ శ్రద్ధ ఊరి ముదుసలికి దొరకినదా?

ఆంధ్రదేశపు ఉత్తరకొసకు పోయినచో ఇంకొక పుట తెరచుకొనును. విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములలో చుట్టను వెలిగించి, నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని పీల్చు అలవాటు కలదు; దానిని అడ్డపొగ అందురు. స్త్రీలలో నిది ఎక్కువ. గాలికి చుట్ట ఆరిపోకుండుటకనియు, పసిపిల్లలపై నిప్పురవ్వలు పడకుండుటకనియు పలువిధములుగ కారణములు చెప్పుదురు. ఇతర ప్రాంతములలో అరుదగు అంగిలి క్యాన్సరు ఇచ్చట మిక్కుటముగ నుండుటను 1937లో విశాఖపట్టణపు వైద్యులు కిణి, సుబ్బారావు గారలు గుర్తించిరి. 1957లో రెడ్డి, రావు అను వైద్యులు దీనిని సూటిగ అడ్డపొగకు ముడిపెట్టి వ్రాసిరి. 1971లో పిండ్‌బోర్గ్ అను డెన్మార్కు శాస్త్రజ్ఞుడు, మెహతా మొదలైన మన వైద్యులు కలసి 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించి ఫలితములు ప్రకటించిరి. నోరు తెరచి చూచినందున వ్యాధి కనబడినది. ఈ పనికి యంత్రమేమియు అక్కరలేదు. వెలుగు, ఓపిక చాలును. మన తిరువళ్ళూరు సీమలో అడ్డపొగ లేదు గాని దవడలో పొగాకుముక్క నుంచుకొని నిద్రపోవు అవ్వలు, తాతలు ప్రతి వీధిలోను కలరు. పొగాకు నమలుట అలవాటుగా గల సి. ఎన్. అణ్ణాదురై గారు గొంతు క్రిందిభాగపు క్యాన్సరుతో 1969 ఫిబ్రవరి 3న, 59వ ఏట మరణించినప్పుడు ఆ వార్త ప్రతి పల్లెకును చేరినది. వారి పేరిట కాంచీపురము దగ్గర కారపేటలో ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి ఏర్పడినది. పొగాకు సంచి మాత్రము మొలనుండి జారలేదు.

ఇక లెక్కించుట యను కళ. బొంబాయిలో 1963లో క్యాన్సరు నమోదు ప్రారంభమైనది. 1982 జనవరి 1 మొదలుకొని బొంబాయి, బెంగుళూరు, మదరాసు నగరములలో భారత వైద్యపరిశోధన మండలి ఆధ్వర్యమున క్రమబద్ధముగ నమోదు సాగినది. మదరాసు పని అడయారు సంస్థది. ఆ మొదటి సంవత్సరములలో స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో గర్భాశయద్వారపుది అన్నిటికంటె పైన నుండెను. తరువాతి దశాబ్దములలో అది తగ్గుచు వచ్చి, రొమ్ము క్యాన్సరు పైకి వచ్చినది. ఇట్టి మార్పు ఎవరి జ్ఞాపకశక్తికిని అందునది కాదు; లెక్క మాత్రమే చూపగలదు. కాని ఆ లెక్కకు నగరపు ఎల్లయే హద్దు. వెంగల్ వంటి పల్లెలు దాని వెలుపల. పల్లెలలో నమోదు మొట్టమొదట 1987లో మహారాష్ట్రములోని బార్శిలో ప్రారంభమైనది. రోగి ఆసుపత్రికి వచ్చి చేరునని అచ్చటివారు కాచుకొనియుండలేదు; పనివారు ఊరూరు తిరిగి, జనులతో మాటలాడి, గుర్తులు చెప్పి, అనుమానము గలవారిని వెంట తీసికొనివచ్చిరి. తమిళనాట దిండుగల్ ప్రాంతమున 2003లో గ్రామీణ నమోదు మొదలైనది. 2012లో రాష్ట్రమంతటికిని నమోదు పథకము వచ్చినది. తిరువళ్ళూరు పల్లెల ముదుసలి పేరు లెక్కకు ఎక్కు అవకాశము అప్పుడు కలిగినది. దేశమంతటను 2022లో క్రొత్తగ 14,61,427 మందికి క్యాన్సరు వచ్చియుండునని నమోదుల ఆధారమున అంచనా కట్టబడినది; తొమ్మిదిమందిలో ఒకరికి జీవితకాలమున ఈ వ్యాధి రాగలదని ఆ అంచనాయే చెప్పుచున్నది.

అవకాశము వేరు, ఎక్కుట వేరు. కంతిముక్క తీసి పరీక్షింపనిదే, వైద్యుడు చూడనిదే ఎవరి పేరును నమోదు కాదు. డెబ్బదియెనిమిదేండ్ల తాతను అంతదూరము త్రిప్పుట ఎందులకని ఇంటివారు తలచినచో ఆయన మరణము మరల పాత గడిలోనికే పోవును. మన మాటలలోనే ఈ మరుగు ఉన్నది. మలమున నెత్తురు పడిన మొలలందుము. ముట్లుడిగిన పదేండ్లకు నెత్తురు కనబడిన వేడి చేసినదందుము. నడుమునొప్పి వాతమందుము, ప్రోస్టేటు క్యాన్సరు వెన్నెముకకు ప్రాకినప్పుడు వచ్చునది ఇట్టి నొప్పియే. విడువని దగ్గు ఉబ్బసమందుము. నూటికి పెక్కు మారులు మనమనునదే సరియగును గూడ. అందుచేతనే తక్కిన మారులు మోసపోవుదుము.

మా వీధిలో డెబ్బది దాటిన ఒక అవ్వకు క్రిందిచిగురు ప్రక్కన పుండు లేచినది. "పండ్లు ఊడు వయసు నాయనా, అదే పోవును" అనెడిది. పంటిపొడి మార్చిరి, లవంగనూనె రాసిరి. దవడ క్రింద గోలీకాయంత బిళ్ళ గట్టిగ తగులునప్పటికి ఆరునెలలు గడచినవి. నోటి క్యాన్సరు మొదట మెడగ్రంథులకు ప్రాకును. అచ్చటనుండి ఊపిరితిత్తులకు పోగలదు. గ్రంథికి చేరకముందు రోగికి గల ఆశ చేరిన తరువాత సుమారు సగమగునని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. ఆమె కాగితములు చదివిపెట్టుమని నా యొద్దకు తెచ్చిరి. ఆంగ్లమున, తమిళమున నున్న ఆ చీటీలనుండి తెలుగున నేను ఆమెకు చెప్పగలిగినది చెప్పితిని. ఎక్కడ నొచ్చుచున్నదని తమిళమున అడిగిన "అంతా" అని ఒక్క మాట చెప్పునది, తెలుగున అడిగినచో నొప్పి ఎప్పుడు మొదలైనది, ఏ వైపు నమలలేదు, రాత్రులు చెవిలోనికి ఎట్లు పోటు వచ్చునది వరుసగ చెప్పెను. చికిత్స పొంది పదునాలుగు నెలలు బ్రదికినది.

ముదిమిలో క్యాన్సరు మెల్లగ నడచునను నమ్మకము మన పల్లెలలో గట్టిగ నున్నది. ప్రోస్టేటు, రొమ్ము మొదలైన కొన్నిటి విషయమున ఇది కొంతవరకు నిజము. వృద్ధస్త్రీల రొమ్ము క్యాన్సరు పెక్కుమారులు మాత్రలకు లొంగునది. నోటి క్యాన్సరు విషయమున ఇట్టి నమ్మకము అపాయకరము. ఐనను 2016లో ప్రకటింపబడిన జాతీయ పరీక్షా పథకపు నియమములలో నోరు, రొమ్ము, గర్భాశయద్వారముల పరీక్షకు నిర్ణయించిన వయస్సు 30 మొదలు 65 వరకే. గర్భాశయద్వారము విషయమున పై హద్దు పెట్టుటకు న్యాయమున్నది. నోటి విషయమున నాకు కనబడలేదు. తిరువనంతపురము జిల్లాలో 1996 మొదలుకొని 13 పంచాయతులలో జరిగిన పరిశోధనమున ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటికి పోయి నోరు చూచినందుననే పొగాకు, మద్యముల అలవాటు గలవారిలో నోటి క్యాన్సరు మరణములు మూడవవంతు తగ్గినవని 2005లో తేలినది. అరువదియారవ ఏట నోరు చూడరాదని ఆ పరిశోధనము చెప్పలేదు. తమిళనాట 2023లో ఈరోడు, కన్యాకుమారి, రాణిపేట, తిరుపత్తూరు జిల్లాలలో ఇట్టి పరీక్షలు పల్లెలకు వచ్చినవి. రాణిపేట మన తిరుత్తణికి ప్రక్కదియే.

వృద్ధునికి తీవ్రచికిత్స ఓర్వరానిదగు మాటయు సత్యమే. ఈ చోట ఒక తెలుగువాని పేరు చెప్పక తప్పదు. భీమవరమున 1895లో పుట్టి, చెన్నపురి వైద్యకళాశాలలో చదివి, అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలు నడపిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమునుండియే ఫోలికామ్లమునకు విరోధులగు ఔషధములు వచ్చినవి. 1948లో సిడ్నీ ఫార్బర్ బాలల రక్తక్యాన్సరున వానిని ప్రయోగించి ఫలితము చూపెను. ఆ సంవత్సరమే సుబ్బారావు గారు మరణించిరి. ఆ కుటుంబపు ఔషధమగు మెథోట్రెక్సేటును వారమున కొకమారు మాత్రగ, సెలెకాక్సిబ్ అను మరియొక మాత్రతో కలిపి ఇచ్చినచో, శస్త్రచికిత్సకు అందని తల మెడల క్యాన్సరు రోగులు సూదిమందు పొందినవారికంటె కొంత ఎక్కువకాలము బ్రదికిరని 2020లో ముంబయి టాటా ఆసుపత్రివారు ప్రకటించిరి. 7.5 నెలలకు 6.1 నెలలు: వ్యత్యాసము చిన్నది. కాని ఇంటనే మంచముపై నుండి మ్రింగదగిన మాత్ర, బీదవానికి అందు వెల.

తుదకు నమోదు పత్రమును గూర్చి ఒక మాట. మనదేశపు క్యాన్సరు నమోదులవారు ఒక్కొక్క రోగికి నింపు పత్రమున వయస్సు, ఊరు, మతము, చదువులతోపాటు మాతృభాష యను గడి యొకటి కలదు. తమిళనాటి తెలుగు ముదుసలులలో ఏ క్యాన్సరు ఎంతగ నున్నదో ఏనాడైనను తెలియవలెనన్న ఆ గడి సరిగ నిండవలెను. అడుగువారు తమిళమున అడుగుదురు. వెంటపోయిన మనుమడు తమిళముననే జవాబు చెప్పును. గడిలో తమిళమని పడుట సులభము. మా ఊరినుండి ఎవరైనను ముదుసలిని వెంటబెట్టుకొని చెన్నపురికి పోవునప్పుడు, కాగితములతోపాటు ఈ సంగతియు నేను వారికి చెప్పి పంపుచున్నాను.